ఎల్క్ వేటకి కత్తి ఏది, రంపం అసలు మోయాలా? కిట్ పంచాయతీ ఇక్కడే తేల్చుకుందాం

డల్లాస్_ట్యాగ్:
అందరికీ నమస్తే. ఈసారి కొలరాడోలో రెండో రైఫిల్ సీజన్‌కి బుల్ ఎల్క్ (పెద్ద జింకజాతి మగది) ట్యాగ్, అంటే దాన్ని వేటాడే అనుమతి, తీసుకున్నాను. మీకర్ వైపు నుంచి ఫ్లాట్ టాప్స్ వైల్డర్‌నెస్ అనే అడవిలోకి నడిచి వెళ్తాం. క్యాంప్ నాలుగైదు మైళ్లు లోపల. గుర్రాల్లేవు. నేనూ మా బావమరిదీ, రెండు బ్యాగులు, అంతే. టెక్సాస్‌లో జింకలు కొట్టిన అనుభవం ఉంది కానీ అక్కడ ట్రక్కు దాకా తెచ్చి, కొక్కేనికి వేలాడదీసి తీరిగ్గా కోసేవాళ్లం. కొండమీద నేలమీదే కోయాలి కదా, అక్కడే టెన్షన్.

షాపుల్లో ప్లాస్టిక్ పెట్టెల్లో వచ్చే కిట్లు చూశాను. తోలు ఒలిచే కత్తి, గట్ హుక్ (పొట్ట తోలు చీల్చే కొక్కెం) ఉన్న కత్తి, ఎముక నుంచి మాంసం తీసే సన్న కత్తి, రంపం, పక్కటెముకలు ఎడం చేసి పట్టే కడ్డీ, చేతి తొడుగులు... బావమరిది మొత్తం పెట్టె కొందామంటాడు. నాకేమో ఒకటో రెండో చాలనిపిస్తోంది. బ్లేడు మార్చుకునే కత్తి మంచిదా, ఫిక్స్‌డ్ బ్లేడా (మడవని, మార్చని ఒకే బ్లేడు)? రంపం పెట్టుకోవాలా వద్దా? కొట్లాడుకున్నా పర్వాలేదు, కారణాలు మాత్రం చెప్పండి.

స్కాల్పెల్_వీరుడు:
బ్లేడు మార్చుకునే కత్తి హావలాన్ పిరాంటా, అరడజను బ్లేడ్లు. ప్రశ్న అయిపోయింది.

కారణం అడిగారు కాబట్టి: ఆ కంపెనీ వాళ్లది సర్జికల్ బ్లేడ్ల వ్యాపారం, ఆ పదునే వేటగాళ్లకీ ఇచ్చారు. ఎల్క్ బురదగుంటల్లో పొర్లుతుంది, వెంట్రుకల నిండా మట్టి, ఇసుక. ఎంత ఖరీదైన స్టీలైనా సగం తోలు ఒలిచేసరికి మొద్దుబారుతుంది. అప్పుడు చీకట్లో, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే సానపెడుతూ కూర్చుంటారా? నేను బ్లేడు మార్చి పని కానిస్తాను. కత్తీ బ్లేడ్లూ కలిపినా జేబులో ఉన్నట్టే తెలియదు.

పాత_ఒర:
పదును సంగతి ఒప్పుకుంటాను. మిగతాది కాదు.

ఆ బ్లేడు రెండుముప్పావు అంగుళాలు, పల్చగా ఉంటుంది. సూటిగా గీస్తే వెన్నలా దిగుతుంది. కొంచెం పక్కకి ఒరిగిందా, టిక్కున విరుగుతుంది. ఎక్కడ విరుగుతుంది? తొడ కీలు దగ్గర, ఎందుకంటే అక్కడే అందరూ కత్తిని మెలిపెడతారు. ఆ ముక్క మాంసంలో ఎక్కడో పడుతుంది. చీకటి, హెడ్‌ల్యాంపు వెలుతురు, చేతులనిండా కొవ్వు. ముక్క దొరికేదాకా ఆ క్వార్టర్‌ని (కాలితో సహా విడదీసిన మాంసం భాగాన్ని) ఏం చేస్తారు? పిల్లలకి వండి పెట్టేదే కదా!

ఇంకోటి, బ్లేడు మార్చడం. జారుడు చేతులతో రేజర్‌ని ఊడబీకడం రోడ్డుకి నాలుగు మైళ్ల దూరంలో చేయాల్సిన పని కాదు. మార్చక తప్పదంటే కనీసం ప్లయర్‌తో పట్టుకుని లాగండి.

మూడున్నర, నాలుగు అంగుళాల ఫిక్స్‌డ్ బ్లేడు తీసుకోండి. మ్యాగ్నాకట్, ఎస్35వీఎన్ లాంటి స్టీళ్లు పదును బాగా నిలుపుతాయి, తుప్పు గోల తక్కువ. 52100 కూడా మంచి స్టీలే, కొండమీద సానపెట్టడం తేలిక, కానీ రక్తంతో తడిగా ఒరలో వదిలేస్తే తెల్లారేసరికి మచ్చలు. డబ్బు పెట్టలేకపోతే స్వీడన్ వాళ్ల మోరా కంపానియన్ ఉంది, ఇరవై డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. చిన్న సిరామిక్ రాడ్ ఒకటి జేబులో వేసుకోండి, నాలుగు గీతలు గీస్తే మళ్లీ పదును.

రంపం గురించి: పెట్టుకో తమ్ముడూ, అర పౌండుకి ఏడవకు.

ఎముక_వద్దు:
పాత ఒర గారితో కత్తి దగ్గర సగం, రంపం దగ్గర అసలు ఏకీభవించను. నేను ఐడాహోలో విల్లుతో వేటాడతాను, సెప్టెంబర్ ఎండలో. మాంసం త్వరగా పాడవుతుంది, రంపం పట్టుకుని కూర్చునేంత టైమ్ మాకు ఉండదు.

మీరు గట్‌లెస్ పద్ధతి నేర్చుకుని వెళ్లండి. పొట్ట కోయక్కర్లేదు, పేగులు తీయక్కర్లేదు. జంతువుని పక్కకి పడుకోబెట్టి, వెన్ను వెంబడి తోలు చీల్చి కిందికి ఒలవండి. ఇక్కడో చిట్కా: కత్తిమొన తోలు కిందికి దూర్చి, అంచు పైకి పెట్టి, లోపలి నుంచి బయటికి చీల్చాలి. వెంట్రుకల మీంచి కిందికి కోస్తే ఏ కత్తైనా మొద్దుబారుతుంది. వీరుడు గారి బ్లేడ్లు అన్ని ఖర్చవడానికి ఇదే కారణమని నా అనుమానం.

ముందు జబ్బ తీయడానికి కీలు వెతకాల్సిన పనే లేదు. ముందు కాలికి ఒంటితో ఎముకల అతుకే ఉండదు, కండలతోనే అంటుకుని ఉంటుంది. కాలు పైకెత్తి పట్టుకుని చంకలో కోసుకుంటూ పోతే మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది. వెనక తొడకి మాత్రం గుండ్రటి కీలు. కటి ఎముకని ఆనుకుంటూ కోసుకుపోతే తెల్లటి బంతి కనపడుతుంది. కాలు వెనక్కి వంచితే కీలు తెరుచుకుంటుంది, మధ్యలో ఉన్న నరంలాంటి లిగమెంట్‌ని మొనతో తెంపాలి. మెలిపెట్టొద్దు, తెంపాలి. తర్వాత వీపు కండ, మెడ మాంసం. చివరి పక్కటెముక వెనక నుంచి చెయ్యి దూర్చి, పొట్టని పక్కకి నెట్టి టెండర్‌లాయిన్ (వెన్ను లోపలి వైపు మెత్తటి కండ) తీయాలి. తిరగేసి రెండో పక్క అంతే. మోకాళ్ల కింది కాళ్లు కీలు దగ్గర కత్తితోనే ఊడతాయి. తల కూడా పుర్రెకీ మొదటి మెడ ఎముకకీ మధ్య కీలు పట్టుకుంటే కత్తితోనే వస్తుంది.

మన ఊళ్లలో యాటను కోసేవాళ్లు కాళ్లు విడదీయడానికి రంపం అడిగారా ఎప్పుడైనా? కీలు తెలిస్తే చాలు.

నా బ్యాగులో రెండు: తోలుకి మార్చుకునే బ్లేడు, కీళ్లకి ఫిక్స్‌డ్. రెండూ కలిపినా ఆ పెట్టె కిట్‌లో పావు బరువు ఉండవు.

ఫెయిర్‌బ్యాంక్స్_నుంచి:
అక్కా, ఐడాహోకి అది సరే. అలాస్కాలో కొన్ని యూనిట్లలో (వేట ప్రాంతాల్లో) మూస్ (ఎల్క్ కన్నా పెద్ద జింకజాతి) కాళ్లు, పక్కటెముకలు ఎముకతో సహా బయటికి తేవాలని రూలే ఉంది. పక్కటెముకల వరుస విడదీయాలంటే రంపం ఉంటే పని సాఫీగా అవుతుంది. నేను వయోమింగ్ సా వాడతాను. విడి భాగాలుగా ఒరలో పెట్టుకోవచ్చు, ఎముకకి ఒక బ్లేడు, కట్టెకి ఒక బ్లేడు. బరువే, కానీ మేం పడవలో వెళ్తాం.

కట్టె రంపంతో ఎముక కోయకండి. సిల్కీ లాంటి జపాన్ రంపాల పళ్లు పెద్దవి, గట్టివి, ఎముకకి తగిలితే కొస విరుగుతుంది. కొవ్వు పళ్లలో ఇరుక్కుని జారుతుంది కూడా. అవి లాగినప్పుడు మాత్రమే కోసే రంపాలు, బలంగా తోస్తే బ్లేడు వంగుతుంది.

డల్లాస్_ట్యాగ్:
మా రూట్‌కి రూల్ అలా లేదు, చూశాను. కానీ బుల్ కదా, కొమ్ములు తెచ్చుకోవాలని ఆశ. పుర్రె పైచిప్ప కోసి కొమ్ములు తీయడానికైనా రంపం కావాలిగా? తల మొత్తం మోస్తే నడుం విరుగుతుంది.

పాత_ఒర:
అదే నేను చెప్పేది.

ఎముక_వద్దు:
ఆగండి. కొలరాడో అంటే సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) పుట్టిల్లు. జింకజాతి మెదడుని తినేసే ఆ జబ్బుని 1967లో మొదట గుర్తించింది ఫోర్ట్ కాలిన్స్‌లోనే. దానికి కారణమైన ప్రయాన్లు (వికృతమైన ప్రోటీన్లు) మెదడు, వెన్నుపాము, కళ్లు, లింఫు గ్రంథుల్లో ఎక్కువ. ఉడికిస్తే చావవు, మామూలు సబ్బుకి పోవు, స్టీలుకి అంటుకుంటాయి. మనుషులకి సోకినట్టు ఇప్పటిదాకా నిర్ధారణైన కేసు లేదు, కానీ పాజిటివ్ వచ్చిన మాంసం తినొద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. అందుకే వెన్నెముక, పుర్రె రంపంతో కోయకుండా ఉంటే మంచిది. కోసినా, ఆ రంపాన్ని మాంసం దగ్గరికి తేకండి.

ఇంకా తిరకాసు ఏంటంటే, పరీక్షకి కావాల్సిన గ్రంథులు గొంతు వెనక, తలలోనే ఉంటాయి. పైచిప్ప కోసి మిగతా తల కొండమీద పారేస్తే పరీక్షకి ఇవ్వడానికి ఏం మిగులుతుంది? ఈ ఏడాది మీ యూనిట్‌లో పరీక్ష తప్పనిసరా కాదా వేట రూల్స్ బ్రోషర్‌లో చూడండి. పైగా మీరు టెక్సాస్ తిరిగి వెళ్లాలి. మెదడు, వెన్నుపాము అంటుకున్న భాగాల్ని దాటనివ్వని రాష్ట్రాలు చాలా ఉన్నాయి. మధ్యలో పడే రాష్ట్రాల రూల్స్ కూడా చూసుకోండి. నేనైతే తలని కొండ కింది దాకా మోసి, పరీక్షకి ఇచ్చాక చిప్ప సంగతి చూస్తాను. నడుం నొప్పి నాలుగు రోజుల్లో తగ్గుతుంది.

అన్నట్టు, కొలరాడోలో మగదని రుజువు మాంసానికి సహజంగా అంటుకునే ఉండాలి. గట్‌లెస్ చేసేటప్పుడు వృషణం ఒక వెనక తొడకి వదిలేయండి. తోలు ఒలిచే ఊపులో చాలామంది ఇదే తెంపేస్తారు.

గోదారి_గట్టు:
చదువుకున్నవాళ్లే ఇలా జంతువుల్ని ముక్కలు చేయడం గురించి గొప్పగా మాట్లాడుకుంటుంటే బాధేస్తోంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎందుకు తెచ్చారో తెలుసా?

మోడరేటర్:
ఇండియాలో వేట నేరం, ఈ వేదికలో దానికి చోటు లేదు. ఇక్కడ మాట్లాడుకుంటున్నది లైసెన్స్, ట్యాగ్, సీజన్ ఉన్న చోటు గురించి. అమెరికాలో 1937 నాటి చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వేసే పన్నులోంచి వన్యప్రాణి సంరక్షణకి డబ్బు పోతోంది. వేట తప్పా ఒప్పా అన్నదానికి వేరే చర్చ తెరవండి, నేనూ వస్తాను. ఇక్కడ కత్తుల సంగతి కానివ్వండి.

స్కాల్పెల్_వీరుడు:
అక్క గారి అనుమానానికి జవాబు: లోపలి నుంచే చీలుస్తాను! అయినా మెడ దగ్గర ఇసుక ఇసుకే. విరగడం భయమైతే అవుట్‌డోర్ ఎడ్జ్ రేజర్‌లైట్ చూడండి. బ్లేడు వెనక లోహపు వెన్ను ఉంటుంది, పిరాంటా అంత తేలిగ్గా విరగదు. బ్లేడు కూడా మూడున్నర అంగుళాలు.

పాత_ఒర:
సరే, అది కొంచెం నయం. కత్తి ఏదైనా ఒక్క మాట వినండి. ఇద్దరూ ఒకేసారి కోయొద్దు. ఒకరు కాలు పట్టుకుంటారు, ఒకరు కోస్తారు. తెగేది సాధారణంగా పట్టుకున్నవాడి చెయ్యే. ఆ చేతికి కోత తగలని గ్లౌజ్ వేయండి. బ్యాగ్ పైజేబులో టూర్నికే (రక్తం ఆపడానికి బిగించే పట్టీ) ఉంచండి, అడుగున కాదు.

డల్లాస్_ట్యాగ్:
చాలా థాంక్స్ అందరికీ. మా లెక్క ఇలా తేలింది: నాకు మూడున్నర అంగుళాల ఫిక్స్‌డ్, బావమరిదికి మోరా, ఇద్దరికీ కలిపి ఒక రేజర్‌లైట్, సిరామిక్ రాడ్, గ్లౌజ్, టూర్నికే. ఎముక రంపం లేదు. మంచు పడితే పొయ్యి కోసం సిల్కీ పాకెట్‌బాయ్ ఒకటి, కట్టెలకి మాత్రమే. తల మోస్తాం, వంతులేసుకుని.

బావమరిది ఇంకా ఒక్క దాని మీద పట్టుబడుతున్నాడు. గట్ హుక్ కత్తి కావాలట.

ఎముక_వద్దు:
పొట్టే కోయనప్పుడు గట్ హుక్ ఎందుకట? తోలు చీల్చడానికి అంటాడేమో, ఎల్క్ వెంట్రుకలు నాలుగు అడుగులు పోయేలోపే ఆ కొక్కెంలో ఇరుక్కుంటాయి. దాన్ని కొండమీద సానపెట్టడం కూడా కుదరదు. కొనుక్కోమనండి, మోసేది మాత్రం ఆయనే.