జీసీసీ మొదటి పాస్ అయ్యాక గ్లిబ్‌సీ కాన్ఫిగర్ హోస్ట్ కంపైలర్‌నే పట్టుకుంటోంది

ప్రశ్న:
లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్ (ఎల్‌ఎఫ్‌ఎస్, సోర్స్ కోడ్ నుంచి సొంతంగా లైనక్స్ కట్టుకోవడం నేర్పే) పుస్తకం చూసుకుంటూ పాత ల్యాప్‌టాప్‌లో సిస్టం కడుతున్నాను. హోస్ట్, అంటే ఇప్పుడు నడుస్తున్న సిస్టం, డెబియన్. బైన్‌యుటిల్స్ (లింకర్, అసెంబ్లర్ లాంటి టూల్స్), జీసీసీ (కంపైలర్) మొదటి పాస్, కెర్నల్ హెడర్లు సాఫీగా అయిపోయాయి. ఇంతలో కరెంటు పోయి మెషిన్ ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేసి, పార్టిషన్ మౌంట్ చేసి, ఎస్‌యూ డాష్‌తో (యూజర్ మార్చే కమాండ్) ఎల్‌ఎఫ్‌ఎస్ యూజర్‌లోకి వెళ్లి గ్లిబ్‌సీ (సీ లైబ్రరీ) బిల్డ్‌కి ముందు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్ట్ నడిపితే క్రాస్ కంపైలర్ (కొత్త సిస్టం కోసం నేను కట్టిన జీసీసీ) పేరే రావట్లేదు. "చెకింగ్ ఫర్ జీసీసీ" అంటూ డెబియన్ జీసీసీని తీసుకుంటోంది. టూల్స్ ఫోల్డర్‌లో మనది ఉంది, కళ్లారా చూశాను. జీసీసీ మళ్లీ కట్టాలా? ఈ మెషిన్ మీద గంటలు పడుతుంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
జీసీసీ జోలికి వెళ్లకండి, దానికేమీ కాలేదు. టార్గెట్ పేరు (క్రాస్ కంపైలర్ పేరుకి ముందు వచ్చే భాగం) సరిగ్గా ఉండి, పాత్ (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా) ఒక్కటే తప్పుగా ఉంటే, ముందు ఆ పొడుగు పేరుతో వెతికి "నో" అని ఒక లైను వచ్చేది. మీకు ఆ లైనే లేదంటే పేరే ఖాళీగా వెళ్లింది. ఎల్‌ఎఫ్‌ఎస్ (మౌంట్ పాయింట్), ఎల్‌ఎఫ్‌ఎస్_టీజీటీ (టార్గెట్ పేరు), పాత్ వేరియబుల్స్ మూడూ ఎకో కొట్టి చూడండి.

ఈ స్థితిలో మేక్ ఇన్‌స్టాల్ మాత్రం రూట్‌గా ఎట్టి పరిస్థితుల్లోనూ కొట్టొద్దు. డెస్ట్‌డిర్ (ఏ ఫోల్డర్ కింద ఇన్‌స్టాల్ చేయాలో చెప్పేది) ఖాళీ అయితే కొత్త గ్లిబ్‌సీ నేరుగా డెబియన్ లైబ్రరీ మీదికే వెళ్తుంది, హోస్టే లేవకపోవచ్చు. మామూలు యూజర్ అయితే పర్మిషన్ లేదని అక్కడే ఆగుతుంది. ఆ యూజర్‌ని పెట్టమన్నది ఊరికే కాదు.

అడిగినవారు:
మొదటి రెండూ ఖాళీ. కానీ బాష్‌ఆర్‌సీలో (బాష్ షెల్ సెట్టింగ్స్ ఫైలు) అన్నీ రాసే ఉన్నాయి! మొదట్లో ఆ ఫైలుని సోర్స్ కమాండ్‌తో చదివిస్తే పనిచేసింది కూడా.

జవాబు 2:
డాష్‌తో వెళ్తే లాగిన్ షెల్. అది బాష్_ప్రొఫైల్‌ని చదువుతుంది, బాష్‌ఆర్‌సీని చదవదు. మీ హోమ్‌లో ప్రొఫైల్ ఫైలు ఉందా? పుస్తకంలో అందులో ఉండేది ఒక్క లైనే: హోమ్, టర్మ్ లాంటివి తప్ప హోస్ట్ వేరియబుల్స్ అన్నీ వదిలేసి కొత్త బాష్‌ని మొదలుపెట్టడం. ఆ కొత్త బాష్ బాష్‌ఆర్‌సీని చదువుతుంది.

అడిగినవారు:
లేదు! ఇప్పుడే రాసి మళ్లీ లాగిన్ అయ్యాను. మూడూ వచ్చాయి.

జవాబు 1:
మంచిది. గ్లిబ్‌సీ బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేసి కొత్తగా కాన్ఫిగర్ చేయండి, పాత ఫలితాలు అందులో మిగిలి ఉంటాయి. ఇన్‌స్టాల్ అయ్యాక ఖాళీ మెయిన్ ఫంక్షన్‌ని క్రాస్ కంపైలర్‌తో కంపైల్ చేసి, రీడ్‌ఎల్ఫ్‌లో (ప్రోగ్రాం ఫైలు వివరాలు చూపే టూల్) ఇంటర్‌ప్రిటర్ లైను, అంటే ప్రోగ్రాంని లోడ్ చేసే ఫైలు పేరు చూడండి. 64 బిట్ అయితే లిబ్64లోని ఎల్‌డీ-లైనక్స్ పేరు రావాలి, దాని ముందు మౌంట్ పాయింట్ ఉండకూడదు. వేరేగా వస్తే తర్వాతి అంచె అయిన లిబ్‌ఎస్‌టీడీసీ++ (సీ++ లైబ్రరీ) మొదలుపెట్టకుండా ఆ లైను ఇక్కడ పెట్టండి, చూద్దాం.