కొబ్బరితోటలో చిన్న హోటల్: గోడలకు ముదురు రంగులు వేయించవచ్చా?

వశిష్ఠ తీరం:

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లె. ఏటిగట్టు దిగితే మా తోట. తాతగారు కట్టించిన మండువా లోగిలిలో మూడు గదులు బాగుచేసి, వెనక కొబ్బరిచెట్ల మధ్య మరో అయిదు గదులు కట్టి, ఎనిమిది గదుల హోటల్ చేస్తున్నాం. పాత ఇంటివి ఇటుక, సున్నం గోడలు. కొత్తవి సిమెంటు.

కట్టుబడి అయిపోయింది, రంగుల దగ్గర ఆగిపోయాం. డిజైన్ చేస్తున్న అమ్మాయి వీధి వసారాకు రాణి రంగు, పడకగదులకు సిరా నీలం, భోజనాల సావిడికి మెంతి రంగు అంటోంది. మెక్సికోలోని కట్టడాల ఫోటోలు చూపించింది. చూశాక నా మనసు వాటి మీదే ఉంది. నాన్నగారు మాత్రం ఇంటికి తెలుపే అందమని, రంగులు తిరనాళ్లలోనే బాగుంటాయని పట్టుబట్టారు. ఆయన మాట తీసిపారేయలేను, ఆ ఇంట్లోనే పుట్టి పెరిగారు.

నాకున్న బాధ ఒకటి. తెల్లగోడ, టేకు రంగు కుర్చీ, మూలన ఒక మొక్క. నది ఒడ్డున కడుతున్న బసలన్నీ ఇలాగే ఉంటున్నాయి. మా ఇంట్లో దిగినవాళ్లకు మా ఇల్లు గుర్తుండాలి. చెట్ల నీడలో ఈ రంగులు ఎలా కనిపిస్తాయి? నీలం వేస్తే గది ఇరుకవుతుందా? ఇక్కడి చెమ్మకు, ఉప్పుగాలికి ఆగుతాయా? ఏటా రంగులు వేయించే స్తోమత మాకు లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

కాకినాడ ఆర్కిటెక్ట్:

వశిష్ఠ తీరం గారికి, వేయించండి. ముందు నాన్నగారికి ఒక మాట చెప్పండి. కోనసీమ ఎప్పుడూ తెల్లటి సీమ కాదు. అరుగుకు ఎర్రటి జాజు, గడపకు పసుపు, నట్టింట్లో ఎర్రటి గచ్చు, పెళ్లివారింటి గోడకు నీలం కలిపిన సున్నం. ఇవన్నీ ముదురు రంగులే. కనుమ నాడు జగ్గన్నతోటకు, వెదురు చట్రాలకు రంగు వస్త్రాలు కట్టిన ప్రభలు పచ్చటి చేల మధ్య నుంచి, కౌశిక ఏరు దాటి వస్తుంటే చూశారు కదా. అంత పచ్చదనంలో ఆ వస్త్రాల ఎరుపు, పసుపు మైలు దూరం నుంచి కంటిని పట్టుకుంటాయి. పచ్చటి నేల మీద రంగును ఎలా నిలబెట్టాలో మనవాళ్లకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇక్కడి పాత ఇళ్లను బాగుచేసే పని వచ్చిన ప్రతిసారీ అందరూ ముందు చేసేది జాజు గీకి తెలుపు పూయడమే. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక మెక్సికో ఫోటోల సంగతి. ఆ అమ్మాయి చూపించినవాటిలో మెక్సికో నగరంలోని కామినో రియాల్ హోటల్ ఉండే ఉంటుంది. రికార్డో లెగొరెట్టా డిజైన్, 1968లో ఒలింపిక్స్ జరిగిన ఏడాది తెరిచారు. వాకిట్లో రాణి రంగు జాలీ గోడ, దాని పక్కన నిండు పసుపు గోడ. నాకూ ప్రాణమే ఆ కట్టడం. కానీ మెక్సికో నగరం సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైన ఉంది. అక్కడ గాలి పొడి, ఎండ సూటిగా గోడను కొడుతుంది, నీడ కత్తితో కోసినట్టు పడుతుంది. మన గాలిలో తేమ ఎక్కువ, వెలుతురు మెత్తగా పరుచుకుంటుంది. పైగా మీ కొత్త గదులు చెట్ల కింద ఉన్నాయి. కొబ్బరాకుల్లోంచి వడగట్టుకుని, ఆకుల మీద పడి చెదిరి వచ్చే వెలుతురులో పచ్చ పాలు ఎక్కువ. ఆ వెలుతురులో రాణి రంగు బూడిద తిరుగుతుంది, నిండు ఎరుపు గోధుమ రంగులోకి జారుతుంది. మెంతి రంగు, కావి కలిసిన పసుపు మాత్రం చెక్కుచెదరవు, ఎందుకంటే అవి పచ్చ వెలుతురునూ బాగానే తిప్పి పంపుతాయి. కాబట్టి తోటలోని గదులకు బయట మెంతి రంగు వేయండి.

రాణి రంగును వదులుకోవద్దు, చోటు మార్చండి. మీది గోదావరి పాయ వశిష్ఠకు తూర్పు గట్టు. సాయంత్రపు ఎండ నది మీదుగా ఏటవాలుగా వస్తుంది. చెట్లు అడ్డంలేని పడమటి గోడ ఒక్కటి చూసుకుని దానికి మాత్రమే వేయండి, నేల నుంచి చూరు దాకా మొత్తం. అయితే దీపాలు పెట్టే వేళకు ఆ గోడ చప్పబడుతుందని తెలిసి ఉండండి. మసక వెలుతురులో మన కంటికి ఎరుపు ముందు నల్లబడుతుంది, నీలం ఇంకాసేపు వెలుగుతుంది. పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త దీన్ని 19వ శతాబ్దంలోనే గమనించి రాశారు. అందుకే పొద్దువాలాక అతిథులు కూర్చునే వసారాకు లోకప్పు నీలంగా ఉంటే బాగుంటుంది.

సిరా నీలం గదుల గురించి. గది ఇరుకనిపించడం కన్నా అసలు చిక్కు కిటికీ దగ్గర ఉంటుంది. ముదురు గోడ మధ్యలో నదివైపు కిటికీ తెరిస్తే కళ్లు జిగేలుమంటాయి, చుట్టూ గోడ ఇంకా నల్లగా తోస్తుంది. కిటికీ లోపలి పక్కలకు, అంటే గోడ మందం కనిపించే భాగానికి, లేత రంగు వేస్తే వెలుతురు మెట్లు దిగినట్టు లోపలికి వస్తుంది. ఇది తప్పక చేయండి. మంచి తెల్లగోడ తన మీద పడిన వెలుతురులో ఎనభై శాతం దాకా తిప్పి ఇస్తుంది, సిరా నీలం పది శాతం కూడా ఇవ్వదు. దీపాల సంఖ్య ఆ లెక్కన పెంచుకోవాలి. మరీ పసుపుపచ్చటి బల్బుల కింద నీలం మసిబారినట్టు ఉంటుంది, వెలుతురు రంగు 3000 కెల్విన్‌కు తగ్గకుండా కొనండి. అట్ట మీద సీఆర్‌ఐ, అంటే ఆ దీపం రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 90 లేదా ఆపైన ఉండాలి, లేకపోతే మీ ఎర్రగచ్చు వెలవెలబోతుంది.

నాలుగు గోడల్లో మంచం వెనక ఒక్కదానికే ముదురు రంగు వేసి వదిలేసే పద్ధతి నాకు నచ్చదు. వేస్తే గది మొత్తానికి వేయాలి, లేదా దాన్ని లేతగా ఉంచాలి. ఆర్కిటెక్ట్ లూయిస్ బరగాన్ మెక్సికోలో 1948లో కట్టుకున్న సొంత ఇంటిని యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఆ ఇంట్లో వాకిలి దాటగానే రాణి రంగు గోడ ఎదురవుతుంది, ఆయన కూర్చుని చదువుకునే గదిలో గోడలు తెల్లగా ఉంటాయి. రంగుల కోసమే పేరుపడ్డ మనిషి ఇల్లు అది. మీ ఎనిమిది గదుల్లో రెండు నీలం చాలు. మిగతావి లేతగా ఉంచి, నడవలకు, వసారాలకు, స్నానాల గదులకు నిండు రంగులివ్వండి.

ఒక్క పని చేయకుండా డబ్బాలు కొనకండి. షేడ్ కార్డులో అగ్గిపెట్టెంత ముక్కను నమ్మవద్దు. అదే రంగు పెద్ద గోడ మీద ఇంకా ఘాటుగా కనిపిస్తుంది. నాలుగడుగుల సిమెంటు బోర్డుల మీద రంగు వేసి, సరిగ్గా ఆ గోడ దగ్గరే నిలబెట్టి, పొద్దున, మధ్యాహ్నం, దీపాల వేళ చూడండి. నాన్నగారిని కూడా పక్కన నిలబెట్టుకోండి.

పాలకొల్లు రంగుల పని:

నేను రంగుల కాంట్రాక్టు చేస్తాను. మేడమ్ గారు వెలుతురు గురించి చెప్పింది నిజం. గోడ గురించి నేను చెబుతాను.

పాత సున్నం గోడకు పుట్టీ పెట్టించవద్దు, ప్లాస్టిక్ ఎమల్షన్ అసలే వద్దు. మన నేలలో చెమ్మ కిందినుంచి పైకి పాకుతుంది, దాంతోపాటు ఉప్పూ వస్తుంది. సున్నం పూత చెమ్మను బయటికి వదిలేస్తుంది. ఎమల్షన్ వదలదు. ఒక వర్షాకాలం తిరిగేసరికి బొబ్బలెత్తి పెచ్చులుగా ఊడుతుంది, ముదురు రంగయితే ఆ మచ్చలు వీధిలోకి కనిపిస్తాయి. పాత ఇంటికి సున్నంలో రంగు కలిపే వేయించండి. ఎరుపుకు, పసుపుకు ఐరన్ ఆక్సైడ్ పొడులు వాడాలి, సున్నం ఘాటుకు అవి చెడవు. నీలానికి బట్టలకు పెట్టే అల్ట్రామెరైన్ రకం పనికొస్తుంది. ప్రష్యన్ బ్లూ కలిపితే సున్నంలో విరిగిపోతుంది. అయితే సున్నమే తెల్లనిది, ఎంత పొడి కలిపినా సిరా నీలం రాదు, ఎక్కువ కలిపితే చేతికి అంటుకుంటుంది. మీకు నిండు నీలం కావాలంటే కొత్త సిమెంటు గదుల్లోనే పెట్టుకోండి. అక్కడా ప్లాస్టరింగ్‌ను బాగా తడిపి, ఆ తర్వాత పూర్తిగా ఆరనిచ్చి, క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వేశాకే రంగు పట్టించాలి.

పడమటి గోడకు రాణి రంగు అన్నచోట నాకు అభ్యంతరం ఉంది. ఆ రంగులో వాడే పొడులు చాలావరకు ఎండకు వెలిసిపోతాయి. జాజు ఎరుపు తరాలు నిలుస్తుంది, రాణి రంగు నిలవదు. రెండు మూడేళ్లకోసారి మళ్లీ వేయించుకుంటానంటే వేయండి, లేకుంటే జాజుతో సరిపెట్టుకోండి.

బయట గోడలకు అడుగున మూడడుగుల జాజు పట్టీ తప్పనిసరి. చూరు నీళ్లు చిమ్మే బురద దాని మీద కనిపించదు. పెద్దవాళ్లు ఊరికే వేయలేదు. చెట్ల కింద తెల్లగోడకు పాచి పట్టి నల్లగా చారలు కట్టడం నాన్నగారు చూసే ఉంటారు. పని సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి తొలకరి లోపల ముగించండి. తుపాన్ల నెలల్లో ఎవరు తొందరపెట్టినా బయట గోడ ముట్టుకోనివ్వకండి.

యానాం బస:

మేము యానాంలో నాలుగు గదులు అద్దెకిస్తాం. రంగు వేయించినవాళ్లు వెళ్లిపోయాక గోడను రోజూ చూసుకునేది మనమే, అందుకే రెండు ముక్కలు. మెరుపు లేని ముదురు గోడ మీద స్విచ్చుల దగ్గర వేలిముద్రలు, పెట్టెలు రాసుకున్న గీతలు తెల్లగా తేలతాయి. ఆ ఎత్తు వరకు చెక్క పట్టీ కొట్టించండి. అదే రంగు డబ్బా ఒకటి, షేడ్ నంబరుతో సహా, దాచిపెట్టండి. మరోసారి కలిపించిన రంగు పూర్తిగా కలవదు. నీలం గదిలో దుప్పట్లు తెల్లగా ఉంటే చాలు. కిటికీ తెరలు బండారులంక నేతలో, బల్ల మీద గుడ్డ నరసాపురం లేసులో తీసుకోండి. ఎక్కడివని అతిథులు తప్పక అడుగుతారు.

వశిష్ఠ తీరం:

ముగ్గురికీ కృతజ్ఞతలు. బోర్డులు చేయించి తోటలో నిలబెట్టాం. మేడమ్ గారు చెప్పినట్టే చెట్ల కింద రాణి రంగు జీవం లేకుండా ఉంది, మెంతి రంగు వెలిగిపోతోంది. నాన్నగారు జాజు బోర్డు దగ్గర చాలాసేపు నిలబడి, అరుగుకు మునుపు ఇదే ఉండేదన్నారు. పాత ఇంటికి జాజు, కావి పసుపు ఒప్పుకున్నారు. నీలం రెండు గదులకే. నదివైపు గోడ ఒక్కటి రాణి రంగు. వెలిసినప్పుడల్లా వేయించే ఖర్చు మా చెల్లెలు పెట్టుకుంటానంది.

ఇంకొక్క సందేహం. మండువాలోని టేకు దూలాలకు, స్తంభాలకు నెమలికంఠం రంగు ఎనామిల్ వేద్దామని అమ్మాయి అంటోంది. వేయించమంటారా?

కాకినాడ ఆర్కిటెక్ట్:

దూలాలకు వద్దు. ఎనామిల్ ఒకసారి ఎక్కితే పాత టేకు నుంచి గీకి తీయడం నరకం, చెక్కడాల అంచులు అరిగిపోతాయి. దుమ్ము దులిపి, అవిసె నూనె పట్టించి వదిలేయండి. నెమలికంఠం మీద ఆ అమ్మాయికి అంత మనసుంటే కొత్త గదుల తలుపులకు వేయమనండి. మెంతి రంగు గోడలో ఆ తలుపు చాలా బాగుంటుంది. బోర్డు చూడకుండా మాత్రం వేయవద్దు.