చిన్న వయసులోనే చిగుళ్ల ఎముక కరగడం: తెల్లకణాలు బలహీనమా, అతిగా రెచ్చిపోతున్నాయా?

చిగురు: కొందరు టీనేజ్ పిల్లల్లో పాచి పెద్దగా కనిపించదు. అయినా ముందు పళ్లు, మొదటి దవడ పళ్ల చుట్టూ ఎముక కరిగిపోతుంటుంది. "న్యూట్రోఫిల్స్ (సూక్ష్మజీవులను మింగే తెల్లకణాలు) సరిగా పనిచేయవు" అని చదువుకున్నాం. ఇప్పుడేమో అవే అతిగా పనిచేస్తున్నాయని అంటున్నారు. ఏది నమ్మాలి?

సూక్ష్మదర్శి: పాత మాటే సరైనదండీ. 1970ల చివర్లోనే చాలామంది రోగుల న్యూట్రోఫిల్స్ మందకొడిగా కదులుతున్నాయని తేలింది. పుట్టుకతోనే సీడీ18 (తెల్లకణం రక్తనాళం గోడకు అతుక్కోవడానికి కావాల్సిన ప్రొటీన్) లోపం ఉన్న పిల్లల్ని చూడండి. కణాలు రక్తనాళం దాటి చిగుళ్లలోకి రాలేవు, పాలపళ్ల వయసులోనే చిగుళ్లు పాడవుతాయి. కాపలా లేకపోతే సూక్ష్మజీవులు పేట్రేగవా?

దంతమూలం: ఆ పిల్లల ఉదాహరణే మీ వాదనకు అడ్డొస్తుంది. 2014లో అమెరికా పరిశోధకులు వాళ్ల చిగుళ్లు పరీక్షిస్తే సూక్ష్మజీవులు పంటి మీదే ఉన్నాయి, కణజాలంలోకి చొరబడలేదు. లోపల మాత్రం మంటను (ఇన్‌ఫ్లమేషన్‌ను) రేపే సంకేత ప్రొటీన్ ఐఎల్-17 పొంగిపొర్లుతోంది. మామూలుగా చిగుళ్లకు వచ్చిన న్యూట్రోఫిల్ పని ముగించి చనిపోతుంది. దాన్ని మింగిన మాక్రోఫేజ్ (చనిపోయిన కణాలను శుభ్రం చేసే మరో తెల్లకణం) ఐఎల్-17ను పెంచే సంకేతమైన ఐఎల్-23ను తగ్గిస్తుంది, దాంతో ఐఎల్-17 కూడా అదుపులో ఉంటుంది. కణం రాకపోతే ఆ కళ్లెం ఉండదు. ఐఎల్-23ను అడ్డుకునే ఉస్టెకినుమాబ్ అనే మందు ఇస్తే ఒక రోగికి చిగుళ్ల వాపు తగ్గిందని 2017లో ప్రచురించారు. తగ్గించాల్సింది మంటను అన్నమాట.

ఇక చిగురు గారు అడిగిన టీనేజ్ పిల్లల సంగతి. వీళ్ల రక్తరసి కలిపితే ఆరోగ్యవంతుల కణాలు కూడా నెమ్మదించాయి. అంటే ఆ మందకొడితనం అందరిలోనూ పుట్టుకతో వచ్చింది కాకపోవచ్చు, మంటే తెచ్చిపెట్టి ఉండొచ్చు. పైగా ఇవే కణాలు కణజాలాన్ని దెబ్బతీసే సూపరాక్సైడ్ అనే రసాయనాన్ని ఎక్కువగా వదులుతాయని కొన్ని అధ్యయనాల్లో తేలింది. నెమ్మదిగా నడిచే కణం చుట్టూ ఉన్న కణజాలాన్ని కాల్చలేదనుకోవడం పొరపాటు.

సూక్ష్మదర్శి: మరి సూక్ష్మజీవికి పాత్రే లేదంటారా? మొరాకో టీనేజర్లలో జేపీ2 రకం ఆక్టినోమైసిటెమ్‌కమిటాన్స్ అనే బ్యాక్టీరియా ఉన్నవాళ్లకు ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువని 2008లో తేలింది కదా.

దంతమూలం: లేదనడం లేదండీ. ఆ రకం విడిచే ల్యూకోటాక్సిన్ అనే విషం తెల్లకణాలనే చంపుతుంది. కణం పగిలితే లోపలి ఎంజైములు చిగుళ్ల మీద పడతాయి. అందుకే ఈ పిల్లలతో "నీకు ఇమ్యూనిటీ తక్కువ" అనకండి. ఆ మాట పట్టుకుని ఇమ్యూనిటీ పొడులు తింటూ కూర్చుంటే ఈలోగా ఎముక పోతుంది. పంటి వేళ్ల దాకా లోతుగా శుభ్రం చేసి, అవసరమైతే అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్స్ ఇస్తే చాలామందిలో జబ్బు ఆగుతుంది. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు కాబట్టి తోబుట్టువుల దవడ పళ్ల చుట్టూ కూడా ప్రోబ్ (చిగురు లోతు కొలిచే సన్నని పరికరం) పెట్టి చూడండి.