ఆత్మీయ అధికారం మొదటిరోజే నిండుగ వస్తదా, పెరుగుకుంట వస్తదా?

నర్సంపేట_విశ్వాసి:
బాప్తిస్మం తీసుకొని ఏడాది కాని తమ్ముళ్లు లూకా 10:19 (శత్రువు బలమంతటి మీద మీకు అధికారం ఇచ్చిన్నని యేసు శిష్యులతోని అన్న మాట) చూపించి, ఇండ్లకు పోయి దయ్యాలను వెళ్లగొడతమంటున్రు. ఆ అధికారం కొత్త విశ్వాసికి నిండుగ ఉన్నట్టా, ఎదిగితేనే వస్తదా? వాక్యంతోని చెప్పున్రి.

కాజీపేట_బెరయ:
ఆ వచనంలో గ్రీకు మాటలు రెండు. మనకిచ్చింది ఎక్సూసియా, అంటే హక్కుగా వచ్చిన అధికారం. శత్రువుకున్నది డునామిస్, బలం. దేవుని పిల్లలగుటకు అధికారం ఇచ్చాడని యోహాను 1:12లో ఉన్నది కూడా ఎక్సూసియానే. సగం బిడ్డ ఉండడు, భూమికి సగం పట్టా ఉండదు. నమ్మిన రోజే మొత్తం వచ్చేసింది.

పరకాల_పెద్దన్న:
పట్టా చేతిలుంటే సరిపోతదా బ్రదర్? మోకా మీద, అంటే అసలు భూమి మీద, ఇంకొకడు దున్నుకుంటుంటే ఆ కాయితం ఏం జేస్తది? లూకా 19 చూడున్రి. యేసు చెప్పిన ఉపమానంల రాజు కాబోయేటోడు దాసులకు తలా ఒక్క మినానే (అప్పటి పైకం) ఇచ్చిండు. పది సంపాదించినోనికి పది పట్టణాలు, అయిదు సంపాదించినోనికి అయిదు. కొంచెంల నమ్మకంగ ఉన్నకొద్ది అధికారం పెరిగింది. ఇగ అపొస్తలుల కార్యములు 19ల యూదుల ప్రధానయాజకుడు స్కెవ కొడుకులు ఏడుగురు, దయ్యాన్ని వెళ్లగొట్టబోయి, యేసు పేరు పలికి కూడ గాయాలతోని, ఒంటి మీద బట్టల్లేకుండ ఉరికిన్రు.

కాజీపేట_బెరయ:
స్కెవ కొడుకులు విశ్వాసులే కాదన్నా. పౌలు ప్రకటించే యేసు అన్నారు తప్ప మా యేసు అనలేదు. వాళ్లకు పట్టానే లేదు, ఇక పెరిగేదేంది? లూకా 19 రాజు తిరిగొచ్చాక ఇచ్చే బహుమానం. దయ్యాలను గద్దించడానికి దాన్ని తేవడం సరికాదు.

ఓరుగల్లు_రూతు:
స్కెవను పక్కన పెట్టున్రి. కొత్తోళ్లకు ఏం నేర్పాల్నో అది చెప్పున్రి.

పరకాల_పెద్దన్న:
చెప్త అక్కా. యాకోబు 4:7ల ముందు దేవునికి లోబడుడు, తర్వాత అపవాదిని ఎదిరించుడు. ఈ వరుస తప్పితేనే దెబ్బ తింటరు. ఎవరితోనన్న పగ ఉంటే మొదలు పోయి సమాధానపడాలె (మత్తయి 5:23-24). తర్వాత ఒక్క కుటుంబాన్ని తీసుకొని, పేరుపేరున మూడు నెలలు రోజూ ప్రార్థన చెయ్యాలె. అది నిలబెట్టుకోనోడు దయ్యాల జోలికి పోవద్దు.

ఉపవాసం మొదలు ఒక పూట. అలవాటైనంక పొద్దుగూకేదాక. ఆ తర్వాతనే 24 గంటలు, అదీ నీళ్లు తాగుకుంట. విడిచేటప్పుడు పలుచటి గంజి, బిర్యాని కాదు. షుగర్ గోళీలు, ఇన్సులిన్ వాడేటోళ్లు, కడుపుతోని ఉన్నోళ్లు డాక్టర్ను అడగకుండ ఉండొద్దు.

ఇంటికి పోతే ఇద్దరు పోవాలె. ప్రార్థన ఆడమనిషి కోసమైతే ఒక సిస్టర్ ఉండి తీరాలె. జుట్టు పట్టి గుంజుడు, కొట్టుడు, మిరపకాయల పొగ పెట్టుడు అసలే వద్దు. యేసు ఒక్క మాటతోని వెళ్లగొట్టిండు (మత్తయి 8:16). అరుపు పెద్దగైతే అధికారం పెద్దది కాదు. ఫిట్స్ వచ్చే పిల్లగాని గోళీలు ఆపమని ఎవ్వలు చెప్పొద్దు, ఒక్కసారిగ ఆపితే ఫిట్స్ ఆగకుండ వచ్చి పాణం మీదికొస్తది. అయిదు నిమిషాలు దాటితే 108కు ఫోన్ కొట్టాలె, పక్కన ప్రార్థన చేసుకోవచ్చు. బాణామతి (చేతబడి) అని పక్కింటోళ్ల పేరు ఎత్తుడు పాపం, పాణాలు పోతయి.

ఇగ అయ్యగారి (పాస్టర్) అనుమతి లేకుండ ఎవ్వలు పోవద్దు.

కాజీపేట_బెరయ:
అన్నీ ఒప్పుకుంటా. ఆ ఆఖరి మాట ఏ వచనంలో ఉంది? మార్కు 9:38-39లో మనల్ని వెంబడించనివాడు దయ్యాలను వెళ్లగొడుతున్నాడని యోహాను ఆటంకపరిస్తే, ఆపొద్దన్నాడు యేసు.

పరకాల_పెద్దన్న:
హెబ్రీ 13:17ల ఉంది, నాయకులకు లోబడుమని. కొత్తగ చేరినోడు గర్వంతోని పడిపోతడని 1 తిమోతి 3:6 చెప్తది. యేసును ఒక్క మాట చెప్పుమని అడిగిన శతాధిపతి (రోమా సైన్యం అధికారి) సుత నేనూ అధికారానికి లోబడినోన్ని అన్నడు (మత్తయి 8:8-9). మీరు సంఘం మీద కోపంతోని మాట్లాడుతున్రు బ్రదర్.

కాజీపేట_బెరయ:
కోపమే అన్నా, దాచను. కానుకల లెక్క అడిగితే చాలు, అభిషిక్తుణ్ణి ముట్టొద్దని కీర్తన 105:15 చదివి నోరు మూయిస్తున్నారు. ఆ మాట దేశం నుంచి దేశానికి తిరిగిన అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల కోసం రాజులకు చెప్పింది. కాపరిని లెక్క అడగొద్దని కాదు. పౌలుకిచ్చిన అధికారమే కట్టడానికి, పడగొట్టడానికి కాదు (2 కొరింథీ 10:8). మంద మీద ప్రభువుల్లాగా ఉండొద్దని పేతురు అన్నాడు (1 పేతురు 5:3).

ఓరుగల్లు_రూతు:
అంటే పొద్దటి సంది మీ తగాదా దయ్యాల మీద కాదు. సంఘంల ఎవల మాట చెల్లాలె అన్నదాని మీద.

పరకాల_పెద్దన్న:
అవునక్కా. లెక్క అడుగుడు తప్పు కాదు, కానుక విషయంల నింద రావొద్దని పౌలే జాగ్రత్తపడ్డడు (2 కొరింథీ 8:20-21). అనుమతి అన్న మాట తీసేస్త, చెప్పి పోవాలె అంట. ఒంటిగ పోవుడు మాత్రం ఒప్పుకోను. లూకా 10:19ల అధికారం ఇచ్చిన్నన్నడు గద, వాళ్లను 10:1ల ఇద్దరిద్దరిగనే పంపిండు.

కాజీపేట_బెరయ:
ఇద్దరిద్దరు సరే. చెప్పి పోవడం కూడా సరే, చెప్పించుకునేవాడు లెక్క చెప్పేవాడైతే. పెరగడం మాత్రం ఒప్పుకోను. మోకా పెరుగుతుంది, పట్టా కాదు.

నర్సంపేట_విశ్వాసి:
ఉపవాసం, గోళీల మాటలు ఈ ఆదివారం యూత్ మీటింగ్ల చదువుత. మా గుంపుల సిస్టర్స్ లేరు, అందరు తమ్ముళ్లే. ఆడోళ్ల ఇంటి నుంచి పిలుపొస్తే పోవాల్నా, ఆగాల్నా?

ఓరుగల్లు_రూతు:
ఆగున్రి. సంఘంల పెద్దమనిషి అమ్మను ఒకామెను అడిగి, వెంట తీసుకొనే పోవున్రి.