పూర్వకాలం వాళ్లే ఆరోగ్యంగా ఉండేవారా?

గోదారిగట్టు:
మా నాయనమ్మ తొమ్మండుగురిని ఇంట్లోనే కంది. మంత్రసాని వచ్చేది, అంతే. పురిటిస్నానం కాగానే లేచి పనులు చూసుకునేది. ఇప్పుడు పుట్టిన బిడ్డకు పాలకంటే ముందు సూది పడుతోంది. లోకం బాగుపడుతోందని ఎవరు చెప్పినా నేను నమ్మను.

సుజాత_ఏఎన్ఎం:
ఆ తొమ్మండుగురిలో ఎంతమంది పెరిగి పెద్దయ్యారు బాబాయి గారూ? స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు. ఇప్పుడు 70. అంత వెనక్కి కూడా వెళ్లక్కర్లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 79 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2019-21కి అది 35కి దిగింది.

గోదారిగట్టు:
32 ఏళ్లా? మా ముత్తాత 90 దాటి బతికాడు. 32కే అందరూ పోతే ఊళ్లో ముసలివాళ్లు ఎక్కడినుంచి వచ్చారమ్మా?

వరంగల్_చిన్నోడు:
సగటు అండీ, సగటు.

గోదారిగట్టు:
సగటూ గిగటూ నాకు చెప్పొద్దు. కళ్లతో చూసింది చెప్తున్నా.

సుజాత_ఏఎన్ఎం:
ఒకరు 64 ఏళ్లు బతికి, ఇంకొకరు పురిట్లోనే పోతే సగటు 32. మీ ముత్తాత మీకు కనిపించాడు. పురిట్లో పోయినవాళ్లు కనిపించలేదు. నేనడిగిన దానికి జవాబు ఇంకా రాలేదు.

పల్లెగాలి:
అసలు తిండి సంగతి మాట్లాడరేం? అప్పుడు మందు కొట్టని బియ్యం, గానుగ నూనె.

వరంగల్_చిన్నోడు:
ఆ బియ్యం దొరికిన ఏడు కదా. 1832-33లో గుంటూరు సీమలో డొక్కల కరువు వచ్చింది. ఆ పేరెందుకు వచ్చిందో తెలుసుకోండి.

గోదారిగట్టు:
ఆరుగురు పెరిగారు. ముగ్గుర్ని దేవుడే ఇచ్చాడు, దేవుడే తీసుకుపోయాడు. వాళ్లనెందుకు లాగుతారు ఇందులోకి? నా సంగతి వినండి. మా అమ్మాయిని కాన్పుకి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. పొద్దున ఉమ్మనీరు తగ్గిందన్నారు, మధ్యాహ్నానికి బిడ్డ గుండె సరిగ్గా కొట్టుకోవట్లేదన్నారు. ఏది నిజమని అడిగితే సంతకం పెట్టమన్నారు. బిల్లు కట్టడానికి అరెకరం తాకట్టు పెట్టాను. మీ 35లో నా అరెకరం ఎక్కడుంది?

సుజాత_ఏఎన్ఎం:
నాదీ వినండి. మా పరిధిలో ఒక పిల్లాడికి తట్టు వచ్చి, అది న్యుమోనియాలోకి దిగింది. తల్లి టీకాల కార్డు తెస్తే పుట్టినప్పుడు వేసినవాటికి మాత్రమే తేదీలున్నాయి. తట్టు టీకా వేయాల్సిన తొమ్మిదో నెల గడి ఖాళీ. ‘మన కాలంలో సూదులున్నాయా’ అని ఇంట్లో పెద్దాయన ఆపాడట. పిల్లాడు దక్కలేదు. ‘పాలకంటే ముందు సూది’ అని మీరు ఇక్కడ రాస్తే, అది చదివి వాయిదా వేసే ఇంటి గుమ్మంలో నిలబడి బతిమాలేది నేను.

గోదారిగట్టు:
నేను టీకా వద్దన్నానా? నా మనవడికి అన్నీ వేయించాను. నా గొడవ ఆసుపత్రి దోపిడీ మీద. దాని గురించి నోరెత్తితే చాలు, అంతా బాగుపడిందని ఎవరో ఒకరు లెక్క తీసి నా నోరు మూయిస్తారు. మీరూ అదే చేశారు.

సుజాత_ఏఎన్ఎం:
దోపిడీ అని మొదటే రాసి ఉంటే నేను మీ పక్కనే నిలబడేదాన్ని. అదే సర్వేలో ఇంకో లెక్కుంది: 2019-21లో తెలంగాణలో నూటికి 61 కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేటులో 80 దాటాయి. ఆంధ్రలో 42. జనాభా మొత్తం మీద ఆపరేషన్లు నూటికి 10 దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. పిల్లల చావులు తగ్గాయి, అక్కర్లేని కోతలు పెరిగాయి. రెండూ నిజమే. రెండోదాన్ని నిలదీయడానికి మొదటిదాన్ని అబద్ధం చెయ్యాల్సిన పనేముంది?

గోదారిగట్టు:
ఈ 61 సంగతి నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

పల్లెగాలి:
కోత ఎందుకు పెట్టారో కాగితంలో ఉంటుందా అక్కా? మా వదినకీ ఇలాగే జరిగింది.

సుజాత_ఏఎన్ఎం:
డిశ్చార్జి సమ్మరీలో కారణం ఉండాలి. దానితో ఆగకండి, కేసు షీటు కాపీ కావాలని రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నిబంధన ఉంది. ఇవ్వకపోతే జిల్లా వైద్యాధికారికి అర్జీ పెట్టండి, అడిగిన కాగితం నకలు జతచేసి.

గోదారిగట్టు:
అడుగుతాను. ఆ 32 లెక్క మాత్రం నేను ఒప్పుకోను.