అప్‌డేట్: సాలార్‌జంగ్, చౌమహల్లా ఒకే రోజులో అవుతాయా?

హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్‌లకు అమ్మానాన్నలతో శుక్రవారం వెళ్దామనుకుంటున్నా, రెండూ ఒకే రోజు కుదురుతాయా అని అడిగాను కదా. కుదిరాయి, కాకపోతే శనివారం. శుక్రవారం రెండింటికీ సెలవని చెప్పినవాళ్లకు చాలా థాంక్స్.

పొద్దున పదింటికి తెరవగానే సాలార్‌జంగ్‌లో ఉండమన్న సలహానే పనిచేసింది. పన్నెండుకు ముందే అక్కడి బొమ్మల గడియారం ఎదుట చోటు పట్టుకోండి. బొమ్మ బయటికొచ్చి పన్నెండుసార్లు గంట కొడుతుంటే నాన్న వేళ్ల మీద లెక్కపెట్టారు. ముసుగు రెబెకా శిల్పం దగ్గర్నుంచి అమ్మ కదిలితే ఒట్టు! అది పాలరాయంటే నమ్మదే.

భోంచేసి చౌమహల్లా. అదీ ఐదింటికే మూసేస్తారు, రెండున్నరకల్లా చేరితే మంచిది. టికెట్లు దేనికదే. ఆన్‌లైన్ బుకింగ్ కోసం పడ్డ హైరానా మాత్రం దండగ, మాకు కౌంటర్లోనే దొరికాయి.