లినక్స్ నుంచి బీఎస్‌డీకి: టీ480లో రోజూ నడిచేది ఏది?

హంద్రీ
నమస్తే. కాలేజీ రోజుల నుంచీ డెబియన్ లినక్సే వాడుతున్నా. బెంగళూరు ఎస్పీ రోడ్డులో పాత థింక్‌ప్యాడ్ టీ480 ల్యాప్‌టాప్ ఒకటి తీసుకున్నా. ఇంటెల్ 8265 వైఫై, 16 జీబీ ర్యామ్, ఎన్‌విడియా లేదు, బ్యాటరీ అంతంతమాత్రం. ఆఫీసు పని దీని మీద ఉండదు కాబట్టి బీఎస్‌డీ (లినక్స్ లాగే యూనిక్స్ బాపతు ఆపరేటింగ్ సిస్టమ్) వేద్దామని ఉంది. ఫైర్‌ఫాక్స్, కాస్త పైథాన్, తెలుగు టైపింగ్, రాత్రికో సినిమా. మారతహళ్ళి పీజీలో కరెంటు పోతే వైఫై కూడా పోతుంది, ఇక ఫోన్ నెట్టే దిక్కు. ఫ్రీబీఎస్‌డీయా, ఓపెన్‌బీఎస్‌డీయా? ఏది గొప్పదన్న పంచాయితీ మాత్రం వద్దు బాబోయ్.

పెన్నాతీరం
ముందు గోస్ట్‌బీఎస్‌డీని పెన్‌డ్రైవ్‌లో వేసి లైవ్‌గా బూట్ చెయ్యి తమ్ముడూ. అది ఫ్రీబీఎస్‌డీయే, డెస్క్‌టాప్ కూడా పెట్టి ఇస్తారు. వైఫై, సౌండు పలుకుతాయో లేదో పావుగంటలో తేలిపోతుంది.

బొబ్బిలోడు
సర్వర్ల మీద ఫ్రీబీఎస్‌డీ నడిపి పొట్టపోసుకునేవాణ్ణి, నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నా.

ల్యాప్‌టాప్ విషయంలో చూసుకోవాల్సినవి రెండే: వైఫై చిప్పు, మూతేసి తీస్తే లేస్తుందా లేదా. మిగతాదంతా అలవాటు. నీ టీ480లో ఎస్3 స్లీప్ (ర్యామ్ తప్ప దాదాపు అన్నీ ఆరిపోయే నిద్ర) ఉంది, అదృష్టం. కొత్త మోడళ్ళలో దాన్ని తీసేస్తున్నారు, తలనొప్పంతా అక్కడే. 8265 రెండింట్లోనూ పనిచేస్తుంది. వేగంలో మాత్రం ఓపెన్‌బీఎస్‌డీదే పైచేయి: 802.11ఏసీ అనే వేగమైన వైఫై వాళ్ళకి 2022లో 7.1 వెర్షన్‌తోనే వచ్చేసింది. మావాళ్ళకి ఇంటెల్ కార్డుల మీద 2025లో 14.3తో మొదలైంది, అదీ కొన్ని చిప్పులకే. ఫర్మ్‌వేర్ (చిప్పు నడవడానికి కావాల్సిన ఫైలు) లేక వైఫై మొండికేస్తే ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టు, గండం గడుస్తుంది.

అయినా ఫ్రీబీఎస్‌డీయే అంటున్నానంటే నీ బ్యాటరీని చూసి. ఓపెన్‌బీఎస్‌డీ ఫైల్‌సిస్టమ్‌కి జర్నలింగ్ (డిస్కులో చేయబోయే మార్పుల్ని ముందే రాసిపెట్టుకోవడం) లేదు. మెషిన్ టపీమని ఆరిపోతే తర్వాతి బూట్‌లో ఎఫ్‌ఎస్‌సీకే అనే డిస్కు తనిఖీ మొదలవుతుంది, ఒక్కోసారి అదీ ఆగిపోయి నిన్నే కూర్చుని వై, వై అని కొట్టమంటుంది. ఫ్రీబీఎస్‌డీ ఇన్‌స్టాలర్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ ఎంచుకుంటే ఆ గొడవ లేదు. పైగా అప్‌డేట్‌కి ముందు బీఈసీటీఎల్ కమాండ్‌తో ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్ (అప్పటి సిస్టమ్ నకలు) చేసి పెట్టుకుంటే, బెడిసికొట్టినా పాతదాంట్లోకే బూట్ అవ్వొచ్చు.

ఇన్‌స్టాల్ అయ్యాక నల్ల స్క్రీన్ చూసి కంగారుపడకు, డెస్క్‌టాప్ నువ్వే వేసుకోవాలి. గ్రాఫిక్స్ డ్రైవర్లుండే డీఆర్‌ఎం-కేమాడ్ ప్యాకేజీ వేసి, ఆర్‌సీ డాట్ కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్లో ఇంటెల్ డ్రైవర్ ఐ915కేఎంఎస్ లోడయ్యేలా రాసి, నీ యూజర్ని వీడియో గ్రూపులో చేర్చు. ఈ ఆఖరిది మరిచిపోయి గ్రాఫిక్స్ నత్తనడక అని ఏడ్చేవాళ్ళే ఎక్కువ.

సినిమా ఫైలైతే ఎంపీవీ ప్లేయర్ చాలు. ఓటీటీకి కావాల్సిన వైడ్‌వైన్ (వీడియో కాపీ కాకుండా వేసే తాళం) మాత్రం బీఎస్‌డీలకి అధికారికంగా లేదు. ఫ్రీబీఎస్‌డీలో లినక్స్ క్రోమ్‌ని లినక్సులేటర్ (లినక్స్ ప్రోగ్రాములు నడిపే పొర) మీద నడిపే దారుంది, ఓపిక ఉంటే. ప్రోగ్రాముల్ని విడివిడి కంటైనర్లలో నడపడానికి డాకర్ అలవాటుంటే మానుకో, ఫ్రీబీఎస్‌డీలో అందుకుండే జెయిల్స్ నేర్చుకో.

కృష్ణరాజపురం
ఓపెన్‌బీఎస్‌డీని మరీ అంత తీసిపారేయకండి సార్. తెర మీద విండోలు చూపించే ఎక్స్ సిస్టమ్‌తోపాటే వస్తుంది, ఇన్‌స్టాలర్ దాని గురించి ఒక్క ప్రశ్న అడుగుతుంది, రీబూట్ చేస్తే లాగిన్ స్క్రీనే. మాన్యువల్ పేజీలు చదువుతుంటే ఇంకో వెబ్‌సైట్ వెతకాలనిపించదు. నేను దాని మీదే ఉన్నా.

హంద్రీ గారూ, వేస్తే మాత్రం మూడు సంగతులు తెలిసి వేయండి. బ్లూటూత్ లేదు, 2014లోనే తీసేశారు. హైపర్‌థ్రెడింగ్ (ఒక్కో కోర్ రెండుగా పనిచేయడం) ఆపేసి ఇస్తారు, కాబట్టి ఎనిమిది థ్రెడ్‌ల చోట నాలుగే కనిపిస్తాయి. ఫైర్‌ఫాక్స్‌కి మీ హోమ్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తప్ప దాదాపు ఏదీ కనిపించదు. ఆధార్ పీడీఎఫ్ ఎక్కడికైనా అప్‌లోడ్ చేయాలంటే ముందు దాన్ని అందులోకి కాపీ చేయాల్సిందే. మా ఆవిడ దీని మీద నన్ను తిట్టని వారం లేదు.

హంద్రీ
బ్లూటూత్ ఇయర్‌ఫోన్లే ఉన్నాయి నా దగ్గర, ఫ్రీబీఎస్‌డీకే వెళ్తా. తెలుగు టైపింగ్ సంగతి ఎవరూ చెప్పలేదు!

బొబ్బిలోడు
ఫ్రీబీఎస్‌డీలో బ్లూటూత్ ఆడియో ఉంది గానీ కుస్తీ పట్టాలి. వైరు ఇయర్‌ఫోన్లు కొనుక్కో, సుఖపడతావు.

తెలుగుకి నోటో ఫాంట్లు వేసుకో. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వచ్చుంటే డెబియన్‌లో లాగే సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ కమాండ్‌లో లేఅవుట్ ఇన్, వేరియంట్ టెల్ ఇస్తే చాలు. ఇంకోటి, నీ పాత స్క్రిప్టుల్లో ఫైల్లోని మాటలు మార్చే సెడ్ హైఫన్ ఐ కమాండ్ ఉంటే దాని తర్వాత ఖాళీ కోట్స్ పెట్టు, లేకపోతే ఇక్కడి సెడ్ ఊరుకోదు.